బాస్ కన్నా బుల్లి చేపే నయం

కిందటి సంచికలో పెరటి గోంగూర గురించి రాశాక, అసోసియేషన్ పిక్నిక్‌లో ఇద్దరు ముగ్గురు తల్లులు నన్ను పట్టుకుని "ఈసారి పిల్లలకి పనికొచ్చేది ఏదైనా రాయండి" అన్నారు. అందుకని ఈసారి చేపలు. శాకాహారులు పేజీ తిప్పెయ్యక్కర్లేదు. ఇందులో పట్టడం ఎక్కువ, తినడం తక్కువ.

మా డాలస్ ఆఫీసుల్లో చేపల వేట అనగానే వినపడే మాట ఒక్కటే: బాస్. సోమవారం పొద్దున కాఫీ మెషీను దగ్గర ఎవరైనా "వీకెండంతా బాస్‌తోనే గడిచింది" అంటే జాలిపడకండి. మేనేజరు గురించి కాదు, లార్జ్‌మౌత్ బాస్ అనే చేప గురించి. టెక్సాస్‌లో దీని పిచ్చి అంతా ఇంతా కాదు. లేక్ ఫోర్క్‌లో 1992లో పట్టిన 18.18 పౌండ్ల బాస్ ఇప్పటికీ రాష్ట్ర రికార్డు. 13 పౌండ్లు దాటిన బాస్ చలికాలంలో దొరికితే, గుడ్లు పెట్టించడానికి దాన్ని ప్రభుత్వ హేచరీకి అప్పిచ్చే పథకం ఒకటి 1986 నుంచి నడుస్తోంది. చేపని అప్పిచ్చి పేరు తెచ్చుకునే ఊరు ఇదొక్కటే కాబోలు.

దీన్ని పోటీ ఆటగా మార్చినవాడు రే స్కాట్ అనే ఇన్సూరెన్స్ ఏజెంటు. 1967లో ఆర్కాన్సాలోని బీవర్ లేక్‌లో మొదటి టోర్నమెంటు పెట్టాడు. 1971లో మొదలైన బాస్‌మాస్టర్ క్లాసిక్‌లో గెలిచినవాడికి 10,000 డాలర్లు ఇచ్చారు. 2023లో అదే పోటీకి బహుమతి 3 లక్షల డాలర్లు. పట్టిన చేపని బతికుండగానే తూచి నీళ్ళలో వదిలెయ్యాలన్న పద్ధతి 1972లో ప్రచారంలోకి తెచ్చిందీ ఆయనే. అది మాత్రం మెచ్చుకోవలసిన పని.

మా ఆఫీసులో ఒకాయనకి బాస్ బోటు ఉంది. మెరుపుల రంగు, వెనక పెద్ద మోటారు, ముందర ఇంకో చిన్న ఎలక్ట్రిక్ మోటారు, నీళ్ళ కింద ఏముందో చూపించే తెర. దాని ఖరీదుకి మన వాళ్ళు రెండు టొయోటాలు కొంటారు. ఒకసారి మా వాణ్ణీ నన్నూ తీసుకెళ్ళాడు. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాం. ఆయన విసిరిన చోట విసరకుండా, ఎర మార్చి మార్చి, అయిదు గంటలు వేటాడి రెండు చేపలు పట్టాడు. చాలా సంతోషించాడు. బాస్ ఆటలో అంతే. నీటి వేడి, ఎండ, గాలి వాటం, మునిగిపోయిన చెట్ల మోళ్ళు, ఇన్ని లెక్కలు వేసుకుని, రబ్బరు వానపాముని నిజమైనదని చేపని నమ్మించాలి. అది బుర్రకి మంచి మేత, కాదనను. కాని తొమ్మిదేళ్ళ మా వాడు మూడో గంటలో "నాన్నా, ఇక్కడ వైఫై ఉందా?" అని అడిగాడు.

ఇప్పుడు అసలు చేప. ఇక్కడ పాన్‌ఫిష్ అంటారు. పెనంలో నిండుగా ఒదిగే చేప అని అర్థం. ఇది ఒక్క జాతి పేరు కాదు. బ్లూగిల్, రెడ్ఇయర్, గ్రీన్ సన్‌ఫిష్, క్రాపీ ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. టెక్సాస్ పల్లెటూరి వాళ్ళు బ్లూగిల్‌ని పెర్చ్ అంటారు, అసలు పెర్చ్ వేరు. తమాషా ఏమిటంటే లార్జ్‌మౌత్ బాస్ కూడా వీటి కుటుంబంలోదే. డబ్బున్న పెదనాన్న కొడుకు లాంటిదన్నమాట.

బ్లూగిల్ అరచెయ్యంత ఉంటుంది. చెంప మీద నల్లటి మచ్చ, మొప్పల అంచున నీలం, మగదానికి పొట్ట దగ్గర నారింజ రంగు. నోరు చిన్నది. అందుకే పెద్ద గాలానికి పడదు. 8 లేదా 10 నంబరు చిన్న గాలం, కాడ పొడుగుగా ఉన్నది, దాని మీద అడుగున్నర ఎత్తులో బెండు, చిన్న ఎర్ర ముక్క. ఎర్ర అంటే తెలియని పిల్లలకి: వానపాము. అది ముట్టుకోవడానికి అసహ్యం అయితే బ్రెడ్డు ఉండ, మొక్కజొన్న గింజ అయినా సరే. పడవ వద్దు, తెల్లవారుజాము వద్దు. సాయంత్రం అయిదింటికి పార్కు చెరువు ఒడ్డున కూచుంటే పది నిమిషాల్లో బెండు కదులుతుంది.

కిందటి వేసవిలో మా నాన్నగారు ఆర్నెల్లకి వచ్చారు. అమెరికాకి వచ్చిన అమ్మానాన్నల సంగతి మీకు చెప్పక్కర్లేదు. మొదటి రెండు వారాలు గుళ్ళు, మాల్సు, నయాగరా. తరవాత కిటికీ. మనం ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి, ఆయన సోఫాకి. మా వాడి ఇంగ్లీషు ఆయనకి అందదు, ఆయన గోదావరి తెలుగు వాడికి అందదు. "ఏరా, తిన్నావా", "యా తాతయ్యా" తప్ప ఆ ఇద్దరి మధ్యా మాట లేదు. నాకు అది చేపల కంటే పెద్ద బెంగగా ఉండేది.

ఓ శనివారం ఇద్దర్నీ పార్కు చెరువుకి తీసుకెళ్ళాను. నా రీలు గెడ చేతిలోకి తీసుకుని చూసి, "ఈ చరఖా ఎందుకురా?" అని పక్కన పెట్టేశారు. వెదురు గెడ కావాలన్నారు. ఇక్కడి షాపుల్లో అదీ దొరుకుతుంది, కేన్ పోల్ అంటారు. షాపు ఫ్రిజ్‌లో కప్పుల్లో పెట్టి అమ్మే ఎర్రల్ని చూసి ఆయన ఎంతసేపు నవ్వారో! మర్నాటి నుంచి గోంగూర మడి పక్కన తనే తవ్వుకున్నారు. కాలవ గట్టు మీద చిన్నప్పుడు పరిగెలూ జెల్లలూ పట్టిన చెయ్యి ఏదీ మరిచిపోలేదు. బెండు టకటకా కొట్టుకుంటుంటే మా వాడు లాగెయ్యబోయాడు. "ఆగరా, అది ఇంకా రుచి చూస్తోంది. బెండు పక్కకి జరిగి మునగాలి. అప్పుడు లాగు, గట్టిగా కాదు, ఎత్తు చాలు." నేను ఇంగ్లీషులోకి మార్చేలోగానే బెండు మునిగింది, వాడు ఎత్తాడు. తర్జుమాకి అవసరం పడలేదు.

ఆ సాయంత్రం పదకొండు చేపలు. నెల తిరిగేసరికి గాలం, ఎర, బెండు, పొలుసు, మొప్ప, మునిగింది, తెగింది, జారింది అన్నీ వాడి నోట్లోకి వచ్చాయి. ఆదివారం తెలుగు క్లాసులో వాడికి రెండేళ్ళుగా పట్టుబడని క్రియలివి. బాస్ వేటలో ఇది జరిగేది కాదు. అక్కడ నిశ్శబ్దం కావాలి, మాట్లాడుకోవడానికి ఏమీ జరగదు కూడా. ఇక్కడ రెండు నిమిషాలకోసారి ఏదో ఒకటి జరుగుతుంది.

ఒక్క విషయంలో మాత్రం తాతామనవళ్ళకి పెద్ద గొడవ. పెద్ద బ్లూగిల్ పడితే ఆయన బకెట్లో వేసేవారు, చిన్నవి నీళ్ళలోకి. వాడు సైన్సు క్లాసులో విన్నది వేరు. వేసవిలో మగ బ్లూగిల్ లోతు లేని చోట తోకతో పళ్ళెంలా గొయ్యి చేస్తుంది. పక్కపక్కనే పదుల కొద్దీ పళ్ళాలు, కాలనీలా. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతే, మగది అక్కడే ఉండి రెక్కలతో విసురుతూ వాటిని కాపాడుతుంది. ఆ పెద్ద మగవాటిని మనం ఏరి తినేస్తే, గుడ్లకి కాపలా పోవడమే కాదు, చిన్న మగవి ఎదగడం మానేసి ముందే గుడ్ల పనిలో పడతాయి. కొన్నేళ్ళకి చెరువంతా వేలెడంత చేపలే. మిన్నెసోటాలో ఇందుకే 2021 నుంచి చాలా సరస్సుల్లో రోజుకి అయిదు లేదా పది మించి పట్టకూడదని తగ్గించారు. వాడు ఇదంతా తెలుగులో చెప్పలేక, చేప పొట్ట రంగు చూపించి, "అది నాన్న చేప, తాతయ్యా. ఇల్లు కాపలా" అన్నాడు.

ఆయన కాసేపు ఆలోచించి, "కొర్రమీనూ అంతేరా. ఎర్రటి పిల్లల గుంపు తిరుగుతుంటే కింద తల్లీ తండ్రీ ఉంటాయి. ఆ గుంపు మీద గాలం వేసినవాణ్ణి మా ఊళ్ళో తిట్టేవారు" అని చేపని నీళ్ళలోకి వదిలారు. అప్పట్నుంచి మధ్యరకం చేపలే మా బకెట్లోకి.

పెద్ద రికార్డుల ముందు బుల్లి చేప చిన్నబోదా అంటే, నాకు అలా అనిపించదు. ప్రపంచ రికార్డు బాస్ 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే పేద రైతు పట్టాడు, 22 పౌండ్ల 4 ఔన్సులు. దాన్ని గాజు పెట్టెలో పెట్టలేదు, ఇంటిల్లిపాదీ వండుకు తిన్నారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనబు కురిత అంతటిదే ఇంకోటి పట్టాడు. ఒక ఔన్సు ఎక్కువే, కాని కనీసం రెండు ఔన్సులు దాటాలన్న నియమం వల్ల సమానం అన్నారు. ఆయన గాలానికి గుచ్చిన ఎర ఏమిటనుకున్నారు? బతికున్న బ్లూగిల్!

జపాన్‌కి బ్లూగిల్ ఎలా వెళ్ళింది? 1960లో అమెరికా వచ్చిన యువరాజు అకిహితోకి చికాగో మేయరు కానుకగా ఇచ్చాడు. అకిహితో స్వయంగా చేపల శాస్త్రజ్ఞుడు, పెంపకానికి పనికొస్తాయని పరిశోధన సంస్థకి ఇచ్చారు. అవి తప్పించుకుని చెరువులూ సరస్సులూ నిండి అక్కడి చేపల గుడ్లు తినేశాయి. 2007లో, అప్పటికి చక్రవర్తి అయిన ఆయన బహిరంగంగా విచారం చెప్పారు. కాబట్టి పిల్లలూ, ఒక చెరువులో పట్టిన చేపని సరదాకి కూడా ఇంకో చెరువులో వదలకండి.

ఇక లైసెన్సు సంగతి. టెక్సాస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకి అక్కర్లేదు. పెద్దలకి కావాలి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి నాన్‌రెసిడెంట్ లైసెన్సు తీసుకోవాలి. స్టేట్ పార్కుల్లో ఒడ్డు మీంచి పట్టుకుంటే ఎవరికీ అవసరం లేదు, ప్రవేశ రుసుము చాలు. మాకు దగ్గరలో సెడార్ హిల్ స్టేట్ పార్కు ఉంది. జూన్ మొదటి శనివారం రాష్ట్రమంతటా లైసెన్సు లేకుండా పట్టుకోవచ్చు. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు మీ నియమాలు మీరు చూసుకోండి.

పట్టిన చేపని తడి చేత్తో, తల వైపు నుంచి తోక వైపు నిమురుతూ పట్టుకోండి. వీపు మీది ముళ్ళు అణుగుతాయి. లేకపోతే అరచేతిలో దిగుతాయి. ముక్కుపటకారు దగ్గరుంటే గాలం తియ్యడం తేలిక. తినదలిస్తే చెంచాతో పొలుసు గీకి, పొట్ట శుభ్రం చేసి, రెండు వైపులా గాట్లు పెట్టి, ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, కాస్త నిమ్మరసం పట్టించి అరగంట ఉంచండి. పెనం మీద ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు. ముళ్ళు సన్నంగా ఉంటాయి, చిన్న పిల్లలకి ముద్ద పెట్టేముందు పెద్దవాళ్ళే ఏరి పెట్టాలి. మా ఇంట్లో ఆ పని తాతయ్యది.