సమష్టి, భాగం: ఎంటాంగిల్‌మెంట్ అన్వయంపై ఒక ఆక్షేపణ

క్వాంటం సిద్ధాంతం 'సర్వమూ ఒకటే' అని నిరూపించిందనే మాట సాహిత్య విమర్శలో తరచు ఎదురవుతున్నది. రెండు కణాల ఎంటాంగిల్‌మెంట్‌ను అద్వైతానికి సాక్ష్యంగా, కవి దర్శనానికి ప్రమాణంగా చూపడం పరిపాటి అయింది. ఈ అన్వయం నిలవదని నిరూపించడమే ఈ వ్యాస లక్ష్యం.

క్వాంటం వ్యవస్థలు కలిసినప్పుడు వాటి స్థితుల పరిధి టెన్సర్ లబ్ధం వల్ల, అంటే గుణకార రీతిలో, పెరుగుతుంది. ఒక్కొక్కదానికి రెండేసి మౌలిక స్థితులున్న పది వ్యవస్థల ఉమ్మడి స్థితిని వర్ణించడానికి సాధారణంగా 1024 సంకీర్ణ సంఖ్యలు కావాలి. విడి వ్యవస్థల స్థితులుగా విడదీయడానికి లొంగని ఉమ్మడి స్థితులనే ఎంటాంగిల్డ్ స్థితులంటారు. సమష్టిని గురించి సాధ్యమైనంత సంపూర్ణ జ్ఞానం ఉన్నా భాగాలను గురించి అంతటి జ్ఞానం ఉండనక్కరలేదని ష్రోడింగర్ 1935లో దీని సారాన్ని గుర్తించాడు.

మన వ్యాకరణంలో దీనికి దగ్గరగా తోచేది బహువ్రీహి. 'ముక్కంటి' అన్నప్పుడు సంఖ్యనూ కంటినీ దాటి శివుడు స్ఫురిస్తాడు. అయితే 'మూడు కన్నులు కలవాడు' అని విగ్రహవాక్యం చెప్పగానే ఈ పోలిక హద్దు తెలుస్తుంది. సమాసంలోని పదాలకు విడిగానూ నిశ్చితార్థం ఉంది. ఎంటాంగిల్డ్ జంటలో ఏ భాగానికీ తనదైన శుద్ధస్థితి లేదు. ఆ జంటకు విగ్రహవాక్యం చెప్పలేము.

ఇంత దగ్గరి పోలికకే హద్దు ఉన్నప్పుడు 'సర్వమూ ఒకటే' అన్నది ఎలా నిలుస్తుంది? సిద్ధాంతం చెప్పేది దాదాపు దానికి విరుద్ధం. రెండు క్యూబిట్‌లు పరస్పరం గరిష్ఠంగా ముడిపడితే మూడోదానితో వాటికి ఏ ముడీ ఉండదు. మూడు క్యూబిట్‌ల విషయంలో ఈ పరిమితిని కాఫ్‌మన్, కుందు, వూటర్స్ 2000లో ఒక అసమానతగా రూపొందించారు. ఈ బంధం బలానికీ కొలత ఉంది. 1964నాటి బెల్ వాదం నుండి 1969లో రూపొందిన పరీక్షలో స్థానిక వాస్తవికత అనుమతించే గరిష్ఠ విలువ 2. క్వాంటం సిద్ధాంతం అనుమతించేది సుమారు 2.83 మాత్రమే, బీజగణితం ప్రకారమైతే 4 వరకు వెళ్లవచ్చు. పైగా ఈ బంధం ద్వారా సందేశం పంపడం సాధ్యం కాదు. ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకు 2022లో నోబెల్ బహుమతి తెచ్చినవి ఇటువంటి కొలతలతో ముడిపడిన ప్రయోగాలే.

రూపకానికి స్వేచ్ఛ లేదా అని అడగవచ్చు. కవికి ఉంది. కవి చేతిలో అలంకారమైన మాట పరిశోధకుని చేతిలో ప్రమాణంగా మారుతుంది. ప్రమాణమన్నాక పరీక్షకు నిలవాలి. శ్రుతి, యుక్తి, అనుభవాలపై నిలిచిన అద్వైతం ప్రయోగశాల సాక్ష్యాన్ని కోరలేదు. రేపు క్వాంటం సిద్ధాంతం సవరణకు గురైతే, దానిపై ఆధారపడిన మన కావ్య వ్యాఖ్యానం కూడా కూలిపోవాలా? భౌతికశాస్త్ర పదాన్ని వాడదలచిన పరిశోధకుడు ముందు దానిని నిర్వచించాలి; పోలిక ఎక్కడ తెగుతుందో తానే చెప్పాలి. అది చేయని వ్యాసాన్ని పరిశోధనగా అంగీకరించనవసరం లేదు.