ఉస్మానియా విద్యార్థులు - వసతిగృహములు

2025 ఆగస్టు 25వ తేదీన ఉస్మానియా విశ్వవిద్యాలయమున దుందుభి, భీమ అను రెండు నూతన వసతిగృహములను ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు ప్రారంభించిరి. పండ్రెండువందల మందికి అందు చోటు కలదని ప్రకటింపబడినది. ఇది సంతోషింపదగిన విషయమే. ఇద్దఱికి కట్టిన గదిలో నలుగురైదుగురు సర్దుకొనుటయు, పట్టికలో పేరులేక ‘నాన్‌బోర్డరు’ అను బిరుదముతో మిత్రుని మంచముప్రక్కన చాపవేసికొనుటయు, అదియు దొరకక తార్నాక, హబ్సీగూడ వీథులలో అద్దెగదులకై తిరుగుటయు ఎఱుగనివారు ఆ ప్రాంతమున లేరు. అయితే మంచము దొరకినంత మాత్రమున విద్యార్థి ఆ విద్యాలయమునకు చెందినవాడగునా? ఈ ప్రశ్నకు భవనములు సమాధానము చెప్పజాలవు.

ఉస్మానియాలో ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఆర్ట్స్ కళాశాల దివ్యభవనమునకు 1939 డిసెంబరులో ప్రారంభోత్సవము జరిగినది. దానికి ఇంచుమించు ఒక యేడాది ముందు, 1938లో, అచ్చటి వసతిగృహముల ప్రార్థనామందిరమున వందేమాతరము పాడరాదని అధికారులు నిషేధించిరి. విద్యార్థులు లొంగలేదు. వందలకొలది బహిష్కృతులైరి. నాగపురము విశ్వవిద్యాలయము వారికి తలుపులు తెఱచినది. నాటి ఉద్యమమున పాల్గొని నాగపురము చేరినవారిలో పి.వి. నరసింహారావు గారొకరు. ఆ తిరుగుబాటు పుట్టినది తరగతిలో కాదు, పరీక్షామందిరమున కాదు. విద్యార్థి తిని, పండుకొని, ప్రార్థించు చోట. పాలరాయివలె చెక్కిన గోడలు ఒకవైపు లేచుచుండగా, ఆ గోడలు తమవి కావని వందలమంది యువకులకు రెండవవైపు తెలిసిపోయినది.

మఱియొక సంగతి కలదు. ఉస్మానియా స్థాపితమైన 1918వ సంవత్సరముననే హైదరాబాదులో రాజబహదూర్ వెంకటరామారెడ్డి గారు రెడ్డి హాస్టలును నెలకొల్పిరి. పల్లెనుండి వచ్చిన బాలునికి పట్నమున నీడయు, అన్నమును, మందలించు పెద్దదిక్కును లేనిదే చదువు సాగదని ఆయన గ్రహించిరి. కులమునకొక హాస్టలు అను పద్ధతి మాకు రుచించునది కాదు. అట్టి పోషకులు లేని కులముల బాలురు నాడు ఎచ్చట తలదాచుకొనిరని ఎవ్వరును అడుగలేదు. నేడు ఉస్మానియాకు వచ్చువారిలో వారి మనుమలును, మనుమరాండ్రును కలరు. కావుననే ఈ భారము దాతలది కాక విశ్వవిద్యాలయముదే యైనది.

భాషమాట చెప్పక తప్పదు. ఉస్మానియాలో తరగతులు మొదలిడక పూర్వమే, 1917లో, ఆంగ్లగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుటకు ‘దారుల్ తర్జుమా’ అను అనువాదశాల ఏర్పడినది. విద్యార్థికి అర్థమగు భాషలో గ్రంథము ముందుండవలెను, పాఠము వెనుక రావలెనన్న ఆ బుద్ధి గొప్పది. దేశమున అత్యధికుల భాష తెలుగై యుండగా ఆ ఉపకారము ఉర్దూకు మాత్రమే పరిమితమగుట అన్యాయము. 1948 తరువాత ఉర్దూ తొలగి ఆంగ్లము వచ్చినది. తెలుగు బాలుని పరాయితనము మాత్రము తొలగలేదు. 1968లో వెలసిన తెలుగు అకాడమి డిగ్రీ పాఠ్యగ్రంథములను తెలుగున అచ్చొత్తించినది. కాని తెలుగు బడిలో చదివి ఎం.ఎస్సీ.కి వచ్చిన పిల్ల మొదటి ఆఱునెలలు ఉపన్యాసము తెలియక, తెలియలేదని చెప్పుటకు సిగ్గుపడి, వెనుక బల్లపై కూర్చుండుటను ఆ అచ్చు ఆపజాలదు. ఆ ఆఱునెలలకే ప్రత్యేక బోధకులు కావలెను. ఇంతకంటె చౌకయైన సహాయము మాకు తోచుట లేదు.

ఇక వినుకలి సంగతి. 2024 ఏప్రిల్ చివర నీటికి, విద్యుత్తుకు కొఱత యని చెప్పి వేసవిలో హాస్టళ్లను, మెస్సులను మూయుదుమని ప్రధాన వార్డెను పేర ప్రకటన వెలువడినది. రాజకీయ పక్షములు దానిని చేతబట్టుకొని వారములతరబడి వాదులాడుకొనినవి. పోటీపరీక్షలకు చదువుచున్న పేదవిద్యార్థి ఆ మాసము ఏమి తినవలెనన్నది వాదమున వెనుకబడినది. మఱుసటి యేడు మార్చిలో విభాగములలోను, పరిపాలనా భవనమునందును ధర్నాలు, నినాదములు కూడదని ఉత్తర్వు వచ్చెను. పాఠమునకు భంగము కలుగరాదన్నది న్యాయమే. అయితే కూరలో పురుగు పడినదని, స్కాలర్షిప్పు రాక మెస్సు బాకీ పెరిగినదని చెప్పుకొనుటకు వేఱొక ద్వారము తెఱువకయే ఈ ద్వారము మూయుట ఏమి న్యాయము?

2025 జూలైలో, విశాఖపట్టణమున ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు, నూఱుగురు గాని, అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హతగల మనోవైజ్ఞానిక సలహాదారుని నియమింపవలెనని మార్గదర్శకములు జారీచేసినది. ఉస్మానియా వంటి మహాసంస్థకు ఒక్కరు చాలరు. నియమింపబడువారు తెలుగున మాటలాడగలవారై, కార్యాలయవేళల మాత్రమే కాక రాత్రి తొమ్మిదింటికి హాస్టలులో కానవచ్చువారై యుండవలెను. ఏలయన నిరాశ పదిగంటలకు వచ్చి ఐదుగంటలకు పోవునది కాదు.

ధనము కావలసిన పనులు ప్రభుత్వమునకు తెలియును. ధనము లేకయే చేయదగినది ఒకటి కలదు: మెస్సు సంఘమున విద్యార్థుల ప్రతినిధులను కూర్చుండబెట్టి, బియ్యము, కూరగాయల లెక్కలను నెలనెల భోజనశాల గోడపై అంటించుట. దుందుభి, భీమలలో నేటి వఱకు ఏ చెడు అలవాటును పాతుకొనుటకు వ్యవధి చాలలేదు. ఆ పని అచ్చటనే ఆరంభింపవచ్చును.