కువి పేరు గుర్తుంది. లయం పేరు?

కువి. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మున్నార్ దగ్గర పెట్టిముడిలో కొండ విరిగిపడ్డాక, తనతో ఆడుకున్న పసిపాప శవాన్ని వెతికి చూపించిన కుక్క. ఎన్ని వీడియోలు, ఎన్ని కన్నీళ్లు! కువి మీద నాకే ఫిర్యాదూ లేదు. నా తగాదా ఆ కన్నీళ్లతోనే.

2020 ఆగస్టు 6 రాత్రి అక్కడ 70 మంది చనిపోయారు. తేయాకు తోట కూలీలు, వాళ్ల పిల్లలు. ఎక్కువమంది తమిళ దళితులు. తాత ముత్తాతలను తెల్లదొరల కాలంలో తోలుకొచ్చారు. ఉండేది కంపెనీ వరస గదుల్లో. తరాలు గడిచినా గది కంపెనీదే. రిటైరయితే ఖాళీ చేయాలి. గది నిలవాలంటే కొడుకో కూతురో మళ్లీ అదే తోటలో ఆకు కోయాలి. ఆ వరస ఇళ్లను అక్కడ 'లయం' అంటారు. తెలుగులో ఆ మాటకు అర్థం నేను చెప్పనక్కర్లేదు.

మర్నాడు కోజికోడ్‌లో విమానం కూలింది. ముఖ్యమంత్రి అక్కడికి వెంటనే వెళ్లారు, పెట్టిముడికి 13న వచ్చారు. విమానంలో పోయినవాళ్ల కుటుంబాలకు రాష్ట్రం 10 లక్షలు ప్రకటించింది, లయంలో పోయినవాళ్లకు 5 లక్షలు. వాతావరణం బాగాలేక రాలేకపోయారన్నారు. సరే. సగానికి సగం కోసింది కూడా వాతావరణమేనా?

పెట్టిముడి పక్కనే ఎరవికుళం నేషనల్ పార్క్. వరయాడు అనే కొండమేకకు 1978 నుంచి అది సొంతిల్లు. అది ఈనే కాలంలో, ఫిబ్రవరి మార్చిల్లో, టూరిస్టులకు గేటు మూసేస్తారు. మంచి పని. ఆ మేక బతికిందంటే దాని వెనక ముతువాన్ ఆదివాసుల కాపలా ఉంది. మనిషీ జంతువూ కలిసి బతకడం మనకు సెమినార్ టాపిక్, వాళ్లకు రోజువారీ పని. మేక ఈనడానికి రెండు నెలలు కొండనే ఖాళీ చేయించగల రాజ్యం, ఆకు కోసే తల్లికి కొండ విరగని చోట పట్టా ఎందుకివ్వదు?

2024 జూలై 30న వయనాడ్. ముండక్కై, చూరల్‌మల. 250కి పైగా ప్రాణాలు. మళ్లీ తోట కూలీల గదులు కొట్టుకుపోయాయి. మన ఫోన్లకు చేరిందేమిటి? రాత్రంతా ఒక అవ్వ దగ్గర నిలబడ్డ అడవి ఏనుగు. పశ్చిమ కనుమల్లో క్వారీలకు పగ్గం వేయమనీ, నిర్ణయం గ్రామసభలకు వదలమనీ 2011లోనే గాడ్గిల్ కమిటీ చెప్పింది. ఆ రిపోర్టును అటకెక్కించింది కూలీలు కాదు.

తెలుగు పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఒక మాట. అష్టాదశ వర్ణనల్లో శైలం ఉంది, వనవిహారం ఉంది. ఆ శైలం మీద బరువు మోసే మనిషి లేడు. మన టీవీలు ఇంకా ఆ ప్రబంధమే చదువుతున్నాయి.

విపత్తుల తర్వాత కొండలకు సాయం పట్టుకెళ్లే మిత్రులకు ఒక విన్నపం. జంతువులకు మేత, మందులు తప్పకుండా తీసుకెళ్లండి. బతికినవాళ్లు పడుకునే గది ఎవరి పేరున ఉందో కూడా ఇంటింటికీ రాసుకుని రండి. ఆ కాగితం కలెక్టర్ బల్ల మీద పెట్టండి.

ఇదే మున్నార్‌లో 2015లో బోనస్ కోసం రోడ్డెక్కిన ఆడ కూలీల 'పొంబిళై ఒరుమై' గురించి వచ్చే భాగంలో. జై భీమ్.