పందేనికే వార్త, పరుగుకు కాదు

ఎన్నికలు దగ్గరపడగానే తెలుగు పత్రికల నిండా గుర్రాలే పరుగులు తీస్తాయి. ఏ పార్టీ 'గెలుపు గుర్రాల' కోసం గాలిస్తున్నది, ఏ జిల్లాలో ఏ గుర్రం కుంటుతున్నది, ఏ గుర్రం చివరి మలుపులో దారి మార్చింది అన్న విశ్లేషణలకు పేజీలకు పేజీలే కేటాయింపవుతాయి. జన్మలో కళ్లెం పట్టనివారు సైతం గుర్రాల పరిభాషలోనే రాజకీయం మాట్లాడతారు. నిజమైన గుర్రాలు నిజంగానే పరుగెత్తే మలక్‌పేట మైదానం విషయానికి వచ్చేసరికి మాత్రం ఆటల పేజీ అడుగున, భూతద్దం ఉంటేగాని కనిపించని అక్షరాలలో నాలుగు పంక్తులు వేసి పత్రికలు చేతులు దులుపుకుంటాయి. ఆ నాలుగు పంక్తులైనా ఫలానా రేసులో ఫలానా గుర్రంపై పందెం కాయవచ్చునన్న సలహాలే తప్ప, నిన్న జరిగిన పరుగు గురించి కాదు.

మలక్‌పేట గ్యాలరీలలో ఏళ్ల తరబడి కూర్చుంటున్న అభిమానిని కదిలిస్తే మొట్టమొదట వినిపించే ఫిర్యాదు ఇదే. అతడు జూదరి అని లోకం అనుకుంటుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని అతడు ఆటను చూసేవాడు కూడా అన్న సంగతి పత్రికలకు పట్టినట్లు లేదు. క్రికెట్ మ్యాచ్‌లో ఏ బంతి ఎక్కడ పడిందో మూడు కాలాల్లో వర్ణించే పత్రిక, 2400 మీటర్ల డెర్బీలో ఏ జాకీ ఎక్కడ గుర్రాన్ని ఆపి ఉంచాడో, ఏ మలుపులో వదిలాడో ఒక్క వాక్యంలోనైనా చెప్పదు.

హైదరాబాద్‌లో ఈ క్రీడ నిన్న మొన్నటిది కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో, 1886లో, పందేలు మౌలాలీ నుంచి మలక్‌పేటకు తరలివచ్చాయి. వానాకాలం, శీతాకాలం అంటూ నేటికీ రెండు సీజన్లు నడుస్తున్నాయి. దక్కన్ డెర్బీని అక్టోబర్ 2న నిర్వహించడం ఆనవాయితీ. గాంధీ జయంతినాడు గుర్రప్పందెమా అని ముక్కున వేలేసుకునేవారు ఉండవచ్చుగాని, సెలవునాడైతేనే గ్యాలరీ నిండుతుందన్నది నిర్వాహకుల లెక్క కావచ్చు. మద్రాసు గిండీ మైదానం చరిత్ర 1777 వరకు వెళుతుంది. బొంబాయి మహాలక్ష్మి మైదానం 1883 నాటిది. 1943లో తొలి ఇండియన్ డెర్బీని గెలిచినది బరోడా మహారాణి గుర్రం ప్రిన్సెస్ బ్యూటిఫుల్. 1970లలో స్క్వాండరర్ అనే గుర్రం 19 సార్లు బరిలో దిగి 18 సార్లు గెలిచింది. ఆ స్థాయిలో ఏ బ్యాట్స్‌మనైనా రాణించి ఉంటే అతడి పేరు పల్లెటూరి రచ్చబండ దగ్గర కూడా వినిపించేది. స్క్వాండరర్ పేరు తెలిసిన తెలుగు పాఠకులు మలక్‌పేట ప్రహరీ దాటితే ఎందరుంటారో ఊహించడం కష్టం కాదు.

ఇది ఉత్త అదృష్టపు ఆట గనుక వ్రాయడానికేమున్నదని ఎవరైనా అంటే, ఆ మాటకు సుప్రీంకోర్టే 1996 జనవరిలో జవాబు చెప్పింది. తమిళనాడులో కరుణానిధి ప్రభుత్వం 1974లో గుర్రప్పందేలపై నిషేధ చట్టం తెచ్చింది. 1986లో మద్రాసు రేస్ క్లబ్‌ను స్వాధీనం చేసుకునేందుకు మరో చట్టం వచ్చింది. ఈ వివాదం లక్ష్మణన్ కేసుగా సుప్రీంకోర్టుకు చేరగా, గుర్రప్పందెంలో గెలుపోటములు ప్రధానంగా నైపుణ్యంపైనే ఆధారపడతాయని, అది జూదం కాదని న్యాయస్థానం తేల్చింది. గుర్రం వంశం, దానికిచ్చిన శిక్షణ, జాకీ చాకచక్యం, వీటన్నింటినీ బేరీజు వేసే ప్రేక్షకుడి జ్ఞానం ఇందులో పనిచేస్తాయన్నది ఆ తీర్పు సారాంశం.

ఆ జ్ఞానం ఎటువంటిదో కొంత వివరించడం అవసరం, ఎందుకంటే పత్రికలు వదిలేస్తున్నది సరిగ్గా దీనినే. మన దేశంలో పందేలలో అత్యధికం హ్యాండికాప్ పద్ధతిలో జరుగుతాయి. గత పరుగులను బట్టి ప్రతి గుర్రానికీ ఒక రేటింగ్ ఉంటుంది. రేటింగ్ ఎక్కువైన గుర్రం ఎక్కువ బరువు మోయాలి. జాకీ బరువు చాలకపోతే జీనులో సీసపు పలకలు పెట్టి తూకం సరిచేస్తారు. బరిలోని గుర్రాలన్నీ ఒక్కసారే గీత దాటేటట్లు బరువులు పంచగలగాలన్నది హ్యాండికాపర్ ఆశయం. ఆ లెక్క ఎక్కడ తప్పిందో పసిగట్టడం అభిమాని పని. వెయ్యి మీటర్లలో మెరిసిన గుర్రం పద్నాలుగు వందలకు ఊపిరి నిలుపుకోగలదా? వాన పడి మెత్తబడిన నేల దాని కాళ్లకు సరిపడుతుందా? కిందటిసారి ఎక్కిన జాకీని ఈసారి ఎందుకు మార్చారు? ప్యాడక్‌లో నడిపిస్తున్నప్పుడు దానికి చెమట పడుతున్నదా, చెవులు నిక్కించి ఉన్నదా? పోటీకి ముందు అరగంటలో అభిమాని మనసులో నడిచే విచారణ ఇదంతా. అది ఫలించినా ఫలించకపోయినా, బుద్ధికి పని చెప్పే వ్యవహారమే. మర్నాటి పత్రికలో దీని ఛాయ కూడా కనిపించదు.

కనిపించేవి టిప్స్. వీటి విషయంలో పత్రికల ధోరణి మరీ విచిత్రం. సంపాదకీయంలో జూదం వల్ల కుటుంబాలు కూలుతున్నాయని వాపోతూనే, వెనుక పేజీలో నేటి పందేలకు సలహాలు అచ్చువేయడం పరిపాటి. పోనీ, వేసిన సలహాలకు జవాబుదారీ ఉన్నదా? ఒక సీజన్ పొడుగునా పత్రిక చెప్పినట్లే ప్రతి రేసుపైనా పది రూపాయలు పెట్టిన పాఠకుడికి ఆఖరున ఎంత మిగిలిందో, ఎంత పోయిందో లెక్క కట్టి ప్రకటించడం పెద్ద శ్రమ కాదు. ఫలితాలన్నీ పత్రిక చేతిలోనే ఉంటాయి. షేర్ల మార్కెట్‌పై సలహాలిచ్చే విశ్లేషకులు సెబీ వద్ద నమోదు కావాలని, తమ ప్రయోజనాలను వెల్లడించాలని 2014 నాటి నిబంధనలు నిర్దేశించాయి. మలక్‌పేటలో పది రూపాయలు పెట్టే ఆటోడ్రైవరుకు దలాల్ స్ట్రీట్ మదుపుదారుకున్నంత రక్షణ అక్కర్లేదని ఎవరు నిర్ణయించారు?

ఇక మొదటి పేజీలో గుర్రప్పందేల ప్రస్తావన రావాలంటే మూడే మార్గాలు. డెర్బీనాడు టోపీలు ధరించి వచ్చిన సినీతారల ఛాయాచిత్రం ఒకటి. పోలీసుల దాడి రెండవది. మూడవది భూమి. ఈ మూడవది నిజంగానే పెద్ద వార్త. నగరాల నడిబొడ్డున పందేల మైదానాలు ఆక్రమించుకున్న స్థలాల విలువ అంచనాలకు అందదు. 2024 జులైలో ఊటీ రేసు మైదానాన్ని, సెప్టెంబర్‌లో గిండీలోని దాదాపు 160 ఎకరాలను తమిళనాడు ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. గిండీ లీజు రద్దు వివాదం న్యాయస్థానాలకెక్కింది. అదే ఏడాది మహాలక్ష్మి మైదానంలో 120 ఎకరాలను ముంబయి నగరపాలక సంస్థకు ఉద్యానవనం కోసం విడదీసి, 91 ఎకరాలను క్లబ్బుకు మిగిల్చేందుకు ఒప్పందం కుదిరింది. అద్దె బకాయిలు చెల్లించకుండా శతాబ్దకాలపు కౌళ్లను అనుభవించే హక్కు ఏ క్లబ్బుకూ లేదు. వరదలకు అల్లాడే చెన్నైకి చెరువు కావాలా, పందెం కావాలా అని అడిగితే పౌరులు చెరువే కోరుకుంటారు. అది న్యాయమే. అభిమాని సైతం ఈ వాదనను తోసిపుచ్చలేడు. అయితే ఆ కథనాలలో ఎకరాల లెక్క ఉంటుంది, కోట్ల లెక్క ఉంటుంది, నాయకుల ప్రకటనలుంటాయి. లాయంలో పనిచేసే సైసులు, మేత సరఫరా చేసేవారు, నాడాలు కొట్టేవారు, వ్యాయామ సవారీలు ఎక్కడికి పోవాలన్న ప్రశ్న ఎక్కడో ఒక మూలనైనా ఉంటే గొప్ప.

పన్నుల వార్త కూడా ఇలాగే సగం చెప్పి వదిలేసినదే. జీఎస్టీ వచ్చిన 2017లో గుర్రప్పందేలను 28 శాతం శ్లాబులో పెట్టారు. ఆ పన్ను క్లబ్బు తీసుకునే కమిషన్‌పైనా, లేక పందెం పూర్తి విలువపైనా అన్నది అసలు వివాదం. కమిషన్‌పైనే వేయాలని 2021లో కర్ణాటక హైకోర్టు తీర్పునిచ్చింది. 2023లో జీఎస్టీ మండలి పూర్తి విలువపైనే అని ఖరారు చేయగా, చట్టాలను సవరించి ఆ అక్టోబర్ 1 నుంచి అమలులోకి తెచ్చారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రేటు 40 శాతానికి పెరిగింది. అంటే వంద రూపాయల పందేనికి నలభై రూపాయల పన్ను, గెలిచినా ఓడినా. 'పాపపు వస్తువుల' జాబితాలో సిగరెట్ల సరసన ఒక పంక్తిలో ఈ వార్త ముగిసిపోయింది.

పాపానికి పన్ను వేయవద్దని అనేవారెవరూ లేరు. ఆలోచించవలసినది ఆ పన్ను ఎవరిని ఎటు నెడుతుందన్నదే. టోట్ కిటికీ వద్ద టికెట్టు కొన్నవాడు పన్ను కడతాడు. గోడ అవతల ఫోనులో పందెం అందుకునే దొంగ బుకీ దగ్గర పన్ను లేదు, రసీదు లేదు, అప్పు మాత్రం ధారాళంగా దొరుకుతుంది. కుటుంబాలు కూలేది ప్రధానంగా ఈ అప్పులవల్లనే. జేబులో ఉన్నంతవరకే పోగొట్టుకోగలిగిన మనిషిని, లేనిది కూడా పోగొట్టుకునే చోటికి పంపడం ఏ సంస్కరణ అవుతుందో ఆర్థిక పేజీలు చర్చించవలసింది. ఆన్‌లైన్ బెట్టింగ్ ప్రకటనలు వేయవద్దని 2022 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ పత్రికలకు, టీవీ చానళ్లకు ప్రత్యేకంగా సలహా జారీ చేయవలసి వచ్చిందంటే, ప్రకటనల ఆదాయం ముందు ఈ చర్చ ఎందుకు సాగలేదో అర్థం చేసుకోవచ్చు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను చట్టం చేసి నిషేధించేవరకు పరిస్థితి చక్కబడలేదు.

వీటన్నింటికన్నా బాధాకరమైనది గుర్రాల సంగతి. 2025 వేసవిలో హైదరాబాద్ నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ సమీప గ్రామానికి 57 గుర్రాలను తరలించారు. మే నెల ఎండలలో వాటిలో పలు గుర్రాలు మరణించాయి. జంతు సంరక్షణ కార్యకర్తలు ఫిర్యాదులు చేశారు. వ్యవహారం అక్కడి హైకోర్టుకు చేరింది. ఎవరి తప్పిదమో తేల్చవలసింది న్యాయస్థానమే. అయితే హైదరాబాద్ నుంచి అన్ని గుర్రాలు లారీలెక్కి వెళ్లడం ఇక్కడి పత్రికలకు వార్త కాలేదు, అవి అక్కడ చనిపోవడం వార్త అయింది. రోజూ మైదానానికి వెళ్లే విలేఖరి ఒక్కడున్నా ఆ లాయాలు ఖాళీ కావడాన్ని గమనించి ఉండేవాడు.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత. పందెం గుర్రం విషయంలో ఆ సామెత తారుమారైంది. కాలు కుంటుపడిన మరునాటి నుంచీ దాణా దండగగా కనిపిస్తుంది. నాలుగైదేళ్లు పరుగెత్తిన తర్వాత అదృష్టవంతమైనవి సంతానోత్పత్తి క్షేత్రాలకు, కొన్ని సవారీ పాఠశాలలకు చేరుతాయి. మరికొన్ని పెళ్లి ఊరేగింపులలో బ్యాండు మోతల మధ్య వరుణ్ణి మోస్తాయి. మిగిలినవి ఏమైపోతున్నాయన్నది క్లబ్బులు చెప్పాలి, పత్రికలు అడగాలి. ఇదే గుర్రాల చుట్టూ మంచి కథలూ లేకపోలేదు. పుణేలో పందెం గుర్రాలను పెంచే పూనావాలా కుటుంబం, విరామం పొందిన గుర్రాలను సీరం తయారీకి ఇస్తూ వచ్చిన అనుభవం నుంచే 1966లో సీరం ఇన్‌స్టిట్యూట్ స్థాపనకు పూనుకున్నది. కోవిడ్ కాలంలో దేశంలో కోట్లాదిమంది వేయించుకున్న కోవిషీల్డ్ టీకా ఆ సంస్థలోనే తయారైంది. టీకా గురించి వేల కథనాలు వచ్చాయి. దాని మూలం లాయంలో ఉన్నదని గుర్తుచేసినవి వేళ్లమీద లెక్కించవచ్చు.

అభిమాని వాదనలో లోపాలు లేవని కాదు. ఆట, ఆట అని అతడు ఎంత అన్నా పందెం తీసివేస్తే గ్యాలరీలో ఎందరు మిగులుతారన్న ప్రశ్నకు అతడివద్ద సమాధానం లేదు. నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు అన్నంత మాత్రాన ఆదివారం సాయంత్రం ఖాళీ జేబుతో ఇంటికి నడిచేవాడి భార్యకు ఓదార్పు దొరకదు. క్లబ్బులు సైతం తమను తాము రాజ్యాంగాలుగా భావించుకుంటున్నాయి. అనుమానాస్పదమైన పరుగుపై స్టీవార్డులు విచారణ జరుపుతారు, జాకీని సస్పెండు చేస్తారు. ఆ నిర్ణయం వెనుక సాక్ష్యమేమిటో, గుర్రం యజమాని పాత్ర ఏమిటో, డోపింగ్ పరీక్షలో ఏమి తేలిందో బయటివారికి అందేది అరకొరే. డబ్బు పెట్టిన ప్రేక్షకుడికి మాత్రం ఆ పరుగు సొమ్ము తిరిగి రాదు.

సరిగ్గా ఇందుకోసమే విలేఖరి అవసరం. టిప్స్ వ్రాసేవాడు కాదు, ప్రశ్నలడిగేవాడు. తెల్లవారుజామున గుర్రాలు సాధనకు దిగే వేళ సైసు పక్కన నిలబడి అతడి జీతమెంతో, కిందటేడు తొక్కిన గిట్టకు వైద్యం ఎవరు చేయించారో కనుక్కునేవాడు. స్టీవార్డుల గది బయట వేచి ఉండేవాడు. పరుగు ముగిశాక ఓడిన గుర్రం వెంట లాయందాకా నడిచేవాడు. ప్రహరీ ద్వారాలు అతడికి తెరవవలసిన బాధ్యత క్లబ్బుది. మలక్‌పేట మెట్రో స్టేషన్ మైదానానికి కూతవేటు దూరంలోనే ఉన్నది గనుక, ఖర్చు భరించలేమని మాత్రం ఏ పత్రికా అనలేదు.