టేబుల్ నంబర్ 64

నెలాఖరు శుక్రవారం సాయంత్రం మాంచెస్టర్ సిటీ సెంటర్‌లో పబ్‌కి వెళ్లడమంటే, సంక్రాంతి ముందురోజు విజయవాడ బస్టాండ్‌కి వెళ్లడం లాంటిదే. చాలా కంపెనీల్లో జీతాలు ఆ రోజే పడతాయి. ఐదయ్యేసరికి ఆఫీసులు ఖాళీ. పికడిల్లీ గార్డెన్స్ చుట్టూ జనమే జనం. అందులో సగం మంది ట్రామ్ ఎక్కి ఇళ్లకి పోతే, మిగతా సగం పబ్బుల్లో దూరతారు. ఆ నెల మేం రెండో సగంలో ఉన్నాం. మా టీంలో టెస్టర్‌గా చేసే ఆవిడ వేరే కంపెనీకి వెళ్లిపోతోంది. ఆవిడకి వీడ్కోలు పార్టీ.

ఆ పబ్ పేరు చెప్పను. దేశమంతా బ్రాంచీలున్న చెయిన్ పబ్ అని మాత్రం చెప్తా. పేరు ఎందుకు దాస్తున్నానో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

పబ్ అనగానే మీకు జూబ్లీహిల్స్ గుర్తొస్తుందేమో. డీజే, రంగుల లైట్లు, గుమ్మంలో బౌన్సర్లు... ఇక్కడి చెయిన్ పబ్ అలా ఉండదు. ఒకప్పటి బ్యాంకో, సినిమా హాలో, పోస్టాఫీసో మూతపడితే దాన్నే పబ్‌గా మార్చేస్తారు. పొద్దున్నే టిఫిన్ కూడా పెడతారు. ఆ టైంకి ఓ మూల పెద్దాయన ఎవరో పేపర్ చదువుకుంటూ ఉంటాడు. మధ్యాహ్నం పిల్లల్ని వేసుకుని కుటుంబాలొస్తాయి. సాయంత్రం మాలాంటి ఆఫీసు బ్యాచ్‌లు. అక్కడ పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. నేను మాత్రం సోడాలో నిమ్మరసం పోయించుకునే బ్యాచ్. తాగనంటే ఎవరూ బలవంతం చెయ్యరు. కాకపోతే నా వంతు రౌండ్ వచ్చినప్పుడు అందరికీ నేనే కొనాలి. అది తప్పించుకుంటే మాత్రం మర్యాద ఉండదు.

ఈ దేశంలో నేను మొదట నేర్చుకున్న పాఠం పబ్‌లోనే. 2021లో ఎమ్మెస్సీకి వచ్చిన కొత్తలో కౌంటర్ దగ్గర ఒకాయన వెనక నిలబడ్డా. అది క్యూ అనుకున్నా. పావుగంట గడిచింది. అటూ ఇటూ వచ్చినవాళ్లందరికీ గ్లాసులు వెళ్తున్నాయి, నన్ను చూసేవాడు లేడు. ఒంటి రంగు చూసే ఇలా చేస్తున్నారని లోపల ఉడికిపోతున్నా. చివరికి బార్‌మన్ నా పక్కనున్న ముసలాయన్ని ‘మీకేం కావాలి’ అనడిగాడు. ఆయన నా వైపు వేలు చూపించి, ‘ఈ కుర్రాడు నాకంటే ముందొచ్చాడు’ అన్నాడు.

అప్పుడు అర్థమైంది. బార్ దగ్గర క్యూ ఉంటుంది, కానీ కంటికి కనపడదు. ఎవరి తర్వాత ఎవరన్నది బార్‌మన్ బుర్రలో ఉంటుంది. మనం చెయ్యాల్సిందల్లా ఒకరి వెనక ఒకరు కాకుండా కౌంటర్‌ని ఆనుకుని నిలబడడం, ఒకసారి కళ్లు కలపడం, ఓపిక పట్టడం. నోటు ఊపకూడదు. చిటికెలు అసలు వెయ్యకూడదు. మన వంతు రాకుండా మనల్ని అడిగితే, ముందొచ్చినవాళ్లని చూపించాలి. అలాగని ప్రతిసారీ అంతా న్యాయంగానే జరిగిందని చెప్పను. కావాలనే నన్ను దాటేశారనిపించిన సందర్భాలు ఒకట్రెండు ఉన్నాయి. నిరూపించలేను. ఆ ముసలాయన మాత్రం గుర్తుండిపోయాడు.

ఆ చలికాలమే ఇంకో పబ్‌లో పార్ట్ టైం పని దొరికింది. స్టూడెంట్ వీసా మీద కాలేజీ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలే పని చెయ్యనిస్తారు. నా పని ఖాళీ గ్లాసులు ఏరడం, బల్లలు తుడవడం, ప్లేట్లు అందించడం. 2022 ఏప్రిల్ నుంచి గంటకి తొమ్మిదిన్నర పౌండ్లు. గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పేర్చి, భుజం దాకా స్తంభంలా పట్టుకుని జనంలోంచి నడిచేవాణ్ణి. బీటెక్ నాలుగేళ్లలో అంత ఏకాగ్రత పెట్టి చేసిన పని ఇంకోటి లేదు. చిటికెలేసి పిలిచినవాళ్లూ ఉన్నారు, ‘థాంక్యూ మేట్’ అని బల్ల మీద గ్లాసులు ఓ పక్కకి జరిపి పెట్టినవాళ్లూ ఉన్నారు. వీళ్లిద్దరి మధ్య తేడా ఆ రోజుల్లో నాకు బాగా తెలుసు. ఆ తర్వాతే మర్చిపోయినట్టున్నా.

సరే, ఆ శుక్రవారానికి వద్దాం.

మొదట ఆరుగురం వెళ్లి కిటికీ పక్కన 64వ నంబర్ టేబుల్ పట్టాం. ఇలాంటి పబ్బుల్లో ఇప్పుడు తిండికి కౌంటర్ దాకా వెళ్లక్కర్లేదు. కరోనా టైంలో కూర్చున్న చోటికే తెచ్చివ్వాలన్న రూల్ వచ్చాక ఫోన్ యాప్‌లు బాగా పాకాయి. రూల్ పోయింది, యాప్ ఉండిపోయింది. టేబుల్ నంబర్ కొట్టు, ఐటమ్స్ ఎంచుకో, డబ్బు కట్టు. కాసేపటికి ప్లేటు నీ ముందుంటుంది.

‘ఆర్డర్ నేను పెడతా’ అని హుషారుగా ముందుకొచ్చా. ఒక్కొక్కళ్లని అడిగి లిస్టు ఎక్కిస్తున్నా. ఇంతలో ఇంకో ముగ్గురు వచ్చారు. చోటు చాలక లోపల పెద్ద టేబుల్‌కి మారాం. దాని నంబర్ 71. అక్కడ వాళ్ల ముగ్గురివీ కలిపి, మొత్తం తొమ్మిది మందికీ ఆర్డర్ పెట్టి ఫోన్ జేబులో వేసుకున్నా.

ఇరవై నిమిషాలైంది. నలభై అయింది. చుట్టుపక్కల అందరికీ ప్లేట్లు వస్తున్నాయి. మాకు తప్ప. ఆకలి మీద ఇంజినీర్లు కూడా మామూలు మనుషులే. మావాడొకడు అటుగా ట్రేతో వెళ్తున్న అమ్మాయిని ఆపి గట్టిగా అడిగాడు. ఆమె చేతిలో మిషన్ చూసి, ‘సార్, మీ ఫుడ్ ఇచ్చేసినట్టు చూపిస్తోంది’ అంది.

ఆ ‘సార్’ దగ్గరే నాకు అర్థమైంది. ఇక్కడి పబ్బుల్లో సార్ అనేది మనవాళ్లే. బ్యాడ్జి చూశా. మా ఇంటర్ క్లాసులో అదే పేరుతో ముగ్గురుండేవాళ్లు.

‘అంటే మేం అబద్ధాలాడుతున్నామా?’ అన్నాడు మావాడు. ఆమె ముఖం పాలిపోయింది. మేనేజర్ వచ్చాడు. మాకు సారీ చెప్పి, వంట మళ్లీ చేయిస్తాం, ఈ రౌండ్ డ్రింక్స్ మావి అన్నాడు. మావాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన ఆ అమ్మాయిని కిచెన్ తలుపు పక్కకి తీసుకెళ్లి ఏదో మాట్లాడాడు. వినపడలేదు. ఆమె ఏదో చెప్పబోవడం, ఆయన చెయ్యి అడ్డంగా ఊపడం కనపడింది.

ఎందుకో ఫోన్ తీసి రసీదు చూశా. టేబుల్ నంబర్: 64.

మెల్లిగా తల తిప్పి కిటికీ వైపు చూశా. 64లో నలుగురు కుర్రాళ్లు. ముందు ఖాళీ ప్లేట్ల గుట్ట. ఒకడు నా వెజిటబుల్ కర్రీ గిన్నె అడుగున మిగిలింది నాన్‌తో తుడుచుకుని తింటున్నాడు. దేవుడే పంపాడనుకుని ఉంటారు, పాపం.

ఇప్పుడు నేను చెప్పబోయేది నాకు అంత గొప్పగా ఉండదు. విషయం తెలిసిన వెంటనే లేచి చెప్పలేదు. పది నిమిషాలు అలాగే కూర్చున్నా. అందరి చేతుల్లో ఊరికే వచ్చిన గ్లాసులున్నాయి, పార్టీ బాగా సాగుతోంది, ఇప్పుడు చెప్తే నవ్వులపాలవుతా అనుకున్నా. ఎవరికీ నష్టం లేదులే అని కూడా అనుకున్నా. ఎవరికి నష్టమో నాకు తెలిసే అనుకున్నా.

అప్పుడు మావాడు ఫోన్ పట్టుకుని నా వైపు వంగాడు. ఒక్క స్టార్ ఇచ్చి రివ్యూ రాస్తున్నాడు. ‘ఆ అమ్మాయి పేరు స్పెల్లింగ్ ఏంటి? మీ వాళ్ల పేరులాగే ఉంది, నీకు తెలుస్తుంది’ అన్నాడు.

నేను పని చేసిన పబ్‌లో రివ్యూలో ఎవరి పేరైనా వస్తే, మంచైనా చెడైనా, మేనేజర్ ప్రింట్ తీసి స్టాఫ్ రూంలో అంటించేవాడు. ఆ కాగితం కింద కూర్చుని శాండ్‌విచ్ తినడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

‘రాయకు. తప్పు నాది’ అని రసీదు చూపించా. అనుకున్నట్టే నవ్వులపాలయ్యా. వెళ్లిపోతున్న టెస్టర్ ఆవిడైతే, ‘చివరి రోజు కూడా నీ బగ్ నేనే చూడాలా’ అంది. మావాడు రాసింది చెరిపేశాడు.

తర్వాత కౌంటర్ దగ్గరికి వెళ్లి ఆ కనపడని క్యూలో నిలబడ్డా. నా వంతు వచ్చాక మేనేజర్‌కి విషయం చెప్పి, రెండోసారి వంటకి డబ్బులు కడతానన్నా. వద్దన్నాడు. ‘అయితే ఆ అమ్మాయి తప్పేం లేదని ఆమెకి చెప్పండి’ అన్నా. ‘అక్కడే ఉంది, మీరే చెప్పండి’ అన్నాడు.

ఆమె 64 దగ్గర ప్లేట్లు తీస్తోంది.

‘మీది తెలుగేనా అండీ?’ అన్నా.

‘అవునన్నా. మాది వరంగల్.’

‘ఆ ఆర్డర్ పెట్టింది నేనే. టేబుల్ మారాం, నంబర్ మార్చలేదు. సారీ అమ్మా.’

‘తెల్సన్నా. స్లిప్పు మీద 64 అనే ఉంది. మేనేజర్‌కి చూపించిన. కస్టమర్ ముందట వాదన వద్దు, మళ్ల చేపిద్దాం అన్నడు.’ ప్లేట్లు సర్దుకుంటూ ఇంకో మాట అంది. ‘మీరు తెలుగోళ్లని ముందే తెల్సు. ఇందాక ఫోన్‌ల మాట్లాడ్తుంటే విన్న. అందుకే మీరేమన్న అంటరేమో అని చూసిన.’

నేనేం అనలేకపోయా. బల్ల మీద గ్లాసులు ఒక పక్కకి జరిపి ఇచ్చా. కోపంగా చెప్పలేదు ఆమె. మామూలుగానే చెప్పింది. అదే ఇంకా గుచ్చుకుంది.

ఆ రాత్రి ఇంటికెళ్లి అలాంటి చెయిన్ పబ్బుల రివ్యూలు చాలాసేపు చదివా. ఒక్క స్టార్ ఇచ్చినవన్నీ దాదాపు ఒకటే పాట. ఆలస్యం, చల్లారిన తిండి, వేరే టేబుల్‌కి వెళ్లిన ప్లేట్లు. వీటిలో నిజంగా పబ్ తప్పులు చాలానే ఉంటాయి, కాదనను. డబ్బు కట్టినవాడికి అడిగే హక్కుంది. కానీ ఎన్నిటి వెనక నాలాంటివాడి 64 ఉందో ఎవరు లెక్కేశారు? మా ఆఫీసులో సర్వర్ పడిపోతే ముందు లాగ్స్ చూస్తాం. ఎవరి వల్ల అని కాకుండా, ఎక్కడ తప్పిందని అడగాలంటాం. బయట మన ముందు ట్రే పట్టుకుని నిలబడ్డ మనిషి దగ్గర ఆ పద్ధతి గుర్తురాదు. ఆమె చేతిలోనే లాగ్ ఉంది. చూపించబోయింది కూడా. మనమే చూడలేదు.

నేనూ ఒక రివ్యూ రాశా. నంబర్ తప్పు కొట్టింది నేనేనని, ఆమె ఓపిగ్గా ఉందని, పేరు సరైన స్పెల్లింగ్‌తో సహా. స్టాఫ్ రూంలో ఎక్కడైనా అంటిస్తే ఇదే అంటించనీ.

మీలో ఎవరైనా ఇక్కడికి చదువుకో, ఉద్యోగానికో వస్తుంటే రెండు మాటలు. టేబుల్ మారితే యాప్‌లో నంబర్ మార్చండి. ప్లేటు రాకపోతే, గొంతు పెంచే ముందు మీ రసీదు చూడండి. ఇంకోటి, టిప్ ఇవ్వాలనిపిస్తే మొహమాటపడకండి. 2024 అక్టోబర్ 1 నుంచి కస్టమర్లు ఇచ్చిన టిప్ మొత్తం పనివాళ్లకే పంచాలని ఇక్కడ చట్టం ఉంది.

తర్వాతి వారం మళ్లీ వెళ్లా. ఈసారి ఆ అమ్మాయి కౌంటర్ వెనక ఉంది. తెలిసిన మనిషి కదా, త్వరగా పనైపోతుందని కాస్త ఆశపడి, నవ్వుతూ చెయ్యెత్తా. ఆమె కూడా నవ్వింది. అంత గోలలోనూ తెలుగులో గట్టిగా అంది.

‘ఆగన్నా. మీకంటే ముందు ఇద్దరున్నరు.’