ఆటస్థలము లేని బడి

2023వ సంవత్సరము మార్చి నెలలో సర్వోన్నత న్యాయస్థానము హర్యానా రాష్ట్రములోని యమునానగర్ జిల్లా భగవాన్‌పూర్ గ్రామమునకు సంబంధించిన యొక తగవును తీర్చినది. అచ్చటి బడి యాటస్థలమునకై ప్రత్యేకింపబడిన భూమిని కొందఱు ఆక్రమించుకొని యుండిరి. మార్కెట్టు ధర చెల్లించినచో ఆ భూమి వారికే దక్కునట్లు హైకోర్టు వీలు కల్పింపగా, సర్వోన్నత న్యాయస్థానము దానిని త్రోసిపుచ్చి, ఆటస్థలము లేనిది బడియే కాజాలదని తేల్చి చెప్పినది.

ఆ మాట ఒక పల్లెటూరి సర్కారు బడిని గూర్చి చెప్పబడినది. అదే కొలతను మన పట్టణములలోని ప్రయివేటు పాఠశాలలకు వర్తింపజేసినచో వానిలో ఎన్ని నిలుచునో తెలిసికొనుటకు గణితశాస్త్రమక్కఱలేదు. విజయవాడలోనో, గుంటూరులోనో, హైదరాబాదు కూకట్‌పల్లిలోనో ఒక పెద్ద వీధి వెంట నడచిన చాలును. కాపురములకు కట్టిన అయిదంతస్తుల మేడకు రంగుల ఫలకము తగిలించి దానిని పాఠశాల యనుచున్నారు. క్రింద బండ్లు నిలుపు చోటు ఉదయమున ప్రార్థనాస్థలము, మధ్యాహ్నమున భోజనశాల, సాయంకాలమున మరల బండ్ల చోటు. ప్రవేశపత్రముతో పాటు మన చేతికిచ్చెడి నున్నని పుస్తకములో మాత్రము ఈతకొలనును, గుఱ్ఱపుస్వారియు, పచ్చని మైదానమును కానవచ్చును. ఆ మైదానమెక్కడ నున్నదని అడిగితిమేని, వార్షిక క్రీడోత్సవమునాడు అద్దెకు తీసికొందుమని సమాధానము వచ్చుచున్నది.

ఇందులకు చట్టము లేదా యన్నచో, కలదు. 2009లో పార్లమెంటు అంగీకరించిన నిర్బంధ ఉచిత విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ప్రతి పాఠశాలకును తప్పక ఉండవలసిన వానిలో తరగతి గదులతోను, త్రాగునీటితోను సమానముగా ఆటస్థలము దాని అనుబంధమున పేర్కొనబడినది. తరగతి తరగతికిని ఆటవస్తువులు సమకూర్పవలయును. ఆఱు మొదలు ఎనిమిది వఱకు గల తరగతులలో పిల్లలు నూఱుగురికి మించినచోట చిత్రకళకును, ఆరోగ్య వ్యాయామములకును, చేతిపనికిని బోధకులుండవలయును. లోపములున్న బడులకు మూడేండ్ల గడువీయబడినది. అది 2013 మార్చితో ముగిసినది. ఆపైన గుర్తింపు రద్దు చేయుటయు, అటుపిమ్మటను బడి నడుపువారికి లక్ష రూపాయలవఱకు జుల్మానా, దానిపై దినమునకు పదివేల చొప్పున మఱియొక జుల్మానా విధించుటయు ఆ చట్టములోనే వ్రాయబడియున్నవి. కాని చట్టము ఆటస్థలము అనెనే గాని అది యెన్ని గజములుండవలయునో చెప్పలేదు. కొలత లేనిచోట తనిఖీకి వచ్చినవారి కన్నే కొలకఱ్ఱ యగుచున్నది. మేడపై రేకుల కప్పు క్రింద రెండు బల్లలు వేసి బల్లబంతి యాడించు చోటును మైదానమని వ్రాసికొన్న కాగితములు దస్త్రములలో నుండవని మేము ప్రమాణము చేయజాలము.

ఆ చట్టము ఎనిమిదవ తరగతితో ఆగును. చిత్రమేమన, మన ప్రయివేటు బడులలో ఆటయు సరిగా అచ్చటనే ఆగుచున్నది. తొమ్మిదవ తరగతిలో అడుగిడిన పిల్లవానికి కాలపట్టికలో ఆటల గంట అచ్చుపడియే యుండును. ఆ గంట గణితమువారికో, భౌతికశాస్త్రమువారికో దానమీయబడును. ఆడపిల్లల ఆట అంతకు మునుపే, ఏడవ తరగతిలోనే, ఎవ్వరును నిషేధింపకయే అణగిపోవుచున్నది. వ్యాయామోపాధ్యాయుడున్నచోట ఆయన విధులేవియో గమనించితిమి. ఉదయమున బస్సులవద్ద నిలుచుట, ఆలస్యముగా వచ్చినవారిని మందలించుట, జీతములు బాకీపడిన పిల్లల జాబితాలు చదువుట, పరీక్షలలో కాపలా. ఈల మాత్రము ఆయన మెడలో వ్రేలాడుచునే యుండును. వక్తృత్వ సభలు, నాటకములు, గోడపత్రిక, స్కౌటు దళము, 1948 నాటి చట్టముచే ఏర్పడిన ఎన్.సి.సి. వీని సంగతి చెప్పనేల? ఆట లేనిచోట ఇవి యుండుట అరుదు.

ఈ పనులన్నింటికిని మనవారు పెట్టిన పేరే సగము కీడు చేసినదని మా అభిప్రాయము. పాఠ్యేతరము అన్నారు. ఇతరమన్న తరువాత అది కూరలో కరివేపాకైనది. 2020లో ప్రకటింపబడిన జాతీయ విద్యావిధానము పాఠ్యమునకును పాఠ్యేతరమునకును నడుమ గట్టిగోడ యుండరాదని చెప్పినది. మన ఆంధ్రులకు ఇది క్రొత్తమాట కాదు. 1910లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావుగారు, పట్టాభి సీతారామయ్యగారు, ముట్నూరి కృష్ణారావుగారు పూనుకొని స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలయు ప్రభుత్వముది కాదు. అచ్చట నేతయు, వడ్రంగమును, చిత్రలేఖనమును గంట ముగిసిన తరువాత కాలక్షేపమునకు పెట్టినవి కావు, అవియే చదువు. వంగదేశమునుండి వచ్చిన ప్రమోదకుమార చటోపాధ్యాయులవద్ద అడివి బాపిరాజుగారు కుంచె పట్ట నేర్చినది ఆ విద్యాలయముననే. ఆనాడు ప్రయివేటు బడి యనగా సర్కారు చేయనిది చేసి చూపు బడి. ఇప్పుడు మఱియొక యర్థము వచ్చినది.

ఆట మానిపించి మిగిల్చిన గంటలు ఎచ్చటికి పోవుచున్నవి? ఐ.ఐ.టి., వైద్యవిద్యల ప్రవేశపరీక్షల తర్ఫీదుకు. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో శిక్షణ కేంద్రములకు కొన్ని నియమములు చేసినది. పదునాఱేండ్ల లోపు పిల్లలను చేర్చుకొనరాదు, దినమునకు అయిదు గంటలకు మించి బోధింపరాదు, వారమునకొక దినము సెలవీయవలయును. నియమములు మంచివే. కాని మన తెలుగునాట శిక్షణ కేంద్రము వేఱుగను, బడి వేఱుగను నున్నప్పుడు గదా అవి పట్టుకొనుట! బడియే శిక్షణ కేంద్రమై, ఆఱవ తరగతినుండియే ‘పునాది’ యను పేర రాబోవు పరీక్షలకు పాఠములు చెప్పునప్పుడు, పదునాఱేండ్ల నియమము గుమ్మము బయటనే నిలిచిపోవుచున్నది. పట్టణపు వసతిగృహములో ఉదయము అయిదు గంటలకు లేచి రాత్రి పదింటికి పండుకొను బిడ్డకు సూర్యుడు కిటికీలోనుండి కనబడునదే.

ఈ విషయమింక ముచ్చటగా మాటలాడుకొనునది కాదు. 2023 జూలైలో విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచున్న పదునేడేండ్ల బాలిక యొకతె మరణించినది. ఆ వ్యవహారము సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయినది. 2025 జూలై 25వ తేదీన న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతా గారలు విచారణను సి.బి.ఐ.కి అప్పగించుటతో ఆగక, దేశములోని విద్యాసంస్థలన్నింటికిని పదునైదు ఆదేశములిచ్చిరి. వానిలో నొకటి మా యీ ప్రస్తావమునకు నేరుగా తగులుచున్నది. మార్కులకును ర్యాంకులకును వెలుపల తనకొక ఉనికి కలదని పిల్లవాడు తెలిసికొనునట్లు ఆటలకు, కళలకు, ఇతర వ్యాపకములకు విద్యాసంస్థలు ప్రాధాన్యమీయవలయునని. న్యాయమూర్తులు దీనిని వినోదముగా గాక ప్రాణరక్షణగా తలచిరి. లెక్కలలో తప్పిన దినమున బంతియాటలో నాలుగు పరుగులు తీసిన పిల్లవాడు ఆ రాత్రి తనను పూర్తిగా పనికిమాలినవానిగా ఎంచుకొనడు. ఇది మనస్తత్త్వశాస్త్రము చదువకయే ప్రతి తల్లియు ఎఱిగిన సంగతి.

తల్లిదండ్రుల పక్షమును మేమెఱుగక పోలేదు. మా పాఠకులలో అనేకులు ఎకరము రెండెకరములమ్మి బిడ్డ చదువునకు కట్టినవారు. వాన నమ్మి సేద్యము చేసి విసిగినవారికి ర్యాంకు ఒక్కటే నిలుకడగల పంటగా కనబడుటలో వింతలేదు. అట్టివారితో ఆటలను గూర్చి చెప్పబోయినచో, ‘అయ్యా, ఆటలు కలవారి పిల్లలకు, మా వానికి అన్నము కావలె’ నందురు. ఈ యాక్షేపమును తేలికగా త్రోసివేయరాదు. మైదానములున్న బడులు కలవారివే యనుట కొంతవఱకు నిజము. హైదరాబాదు పబ్లిక్ స్కూలు 1923లో జాగీర్దారుల బిడ్డల కొఱకు పుట్టినది. బేగంపేటలో నూఱెకరములకు మించిన ఆవరణము దానిది. అచ్చట చదివి మైక్రోసాఫ్ట్ సంస్థకు అధిపతియైన సత్య నాదెళ్ల 2017లో ప్రకటించిన తన గ్రంథమున ఆ బడిలోని ఒక క్రికెట్టాటను జ్ఞాపకము చేసికొనెను. తన బౌలింగు సాగకుండుట చూచి నాయకుడు బంతి తానందుకొని వికెట్టు తీసి, పిమ్మట ఆ బంతిని మరల తన చేతికే ఇచ్చెనట. మనుష్యులను నడపుటన నేమో తనకందు బోధపడెనని ఆయన వ్రాసెను. మదనపల్లె చేరువనున్న ఋషీవ్యాలీ బడిలో పిల్లలు సంజవేళ గుట్టపై కూర్చుండి మాటలాడక సూర్యాస్తమయమును చూతురు. దానిని ‘అస్తాచలము’ అందురు. అదియు పాఠ్యేతరమే. ఈ బడులు కొద్దిమందికే అందునవి. ఒప్పుకొనుచున్నాము.

కాని వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలములోని కల్లెడ సంగతి యేమి? అది పల్లెటూరు. అచ్చట నొక గ్రామీణాభివృద్ధి సంస్థ బీదబిడ్డల కొఱకు బడి నడుపుచున్నది. అదియు ప్రయివేటు బడియే. ఆ బడి పిల్లలకు విల్లమ్ములు ఇచ్చినది. వారిలో వర్ధినేని ప్రణీత 2008లో బీజింగు ఒలింపిక్కులలో భారతదేశము పక్షమున బాణము వేసినది. అదే బడిలో చదివిన జీవాంజి దీప్తి కూలివారి కూతురు. బుద్ధివైకల్యముతో పుట్టినదని ఊరివారు వెక్కిరించిన పిల్ల. ఆమె పరుగులో నేమున్నదో మొదట కనిపెట్టినది ఆ బడి వ్యాయామోపాధ్యాయుడు. 2024 మేలో జపానులోని కోబేలో ఆమె 400 మీటర్ల పరుగును 55.07 సెకండ్లలో ముగించి తన తరగతిలో అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పినది. ఆ సెప్టెంబరులో పారిసు పారాలింపిక్కులలో కంచుపతకము గెలిచినది. ర్యాంకుల బడిలో ఈ బిడ్డ చేరియుండినచో ఆమెను ఏ వరుసలో కూర్చుండబెట్టియుందురు? అసలు చేర్చుకొనియుందురా? కల్లెడలో ధనమధికముగా నుండి ఇది జరుగలేదు. ఒక ఉపాధ్యాయుడు ఈల మెడలో వ్రేలాడవేసికొనక, నోట పెట్టుకొని మైదానములో నిలిచినందున జరిగినది.

ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసియున్నది. పతకము వచ్చిన పిమ్మట ఆ బిడ్డకు ఉచితముగా సీటిచ్చి, నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి, తమ బడి క్రీడలకు పుట్టినిల్లని చాటుకొను విద్యావ్యాపారులు కలరు. మేము కోరునది అది కాదు. నూఱుమందిలో పతకము తెచ్చునది యొక్కరైనను ఉండకపోవచ్చును. మిగిలిన తొంబదితొమ్మండ్రు సాయంకాలము చెమట పట్టి, మోకాలు గీసికొని, ఓడి, మఱునాడు మరల అదే జట్టుతో ఆడవలెనని పరుగెత్తి రావలయును. బడి యాట వీరికొఱకు.

స్థలము లేదందురు. కొంచెము లెక్క చూతము. కబడ్డీబరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అనగా సుమారు 155 చదరపు గజములు, పట్టణములో నొక చిన్న ఇంటిస్థలమునకు తక్కువ. ఖోఖోకు 27 మీటర్లు, 16 మీటర్లు. సుమారు 517 గజములు. వాలీబాలుకు చుట్టును వదలవలసిన చోటుతో కలిపి 430 గజములు చాలును. మూడును చేర్చిన 1,102 గజములు. ఎకరమునకు 4,840 గజములు. ఊరి వెలుపల ఎకరము నేలలో ఈ మూడు బరులు గీసి, మేడ కట్టుకొనుటకు ఇంకను 3,700 గజములకు పైగా మిగులును. ఈ యాటలకు పెద్ద పరికరములేవియు అక్కఱలేదు. ఊరి నడుమ నిలిచిపోయిన బడులు నాలుగు కలిసి ఒక స్థలమును ఏడాది పొడవునను కవులుకు తీసికొని వంతులవారీగా ఆడించుకొనుటకు అడ్డమేమి? క్రీడోత్సవమునకు ఒక్క దినము అద్దె కట్టగలవారు వారమునకు రెండు దినములకు కట్టలేరా? ప్రభుత్వములు చేయవలసినది కొలత నిర్ణయించుట. ఇంతమంది పిల్లలకు ఇన్ని గజములని అంకెలలో వ్రాసి, ఆ కొలతను బడి గుమ్మమున గుర్తింపు సంఖ్య ప్రక్కనే కట్టించినచో తనిఖీ పని సగము తల్లిదండ్రులే చేయుదురు.

తల్లిదండ్రులు జూన్ నెలలో జీతము కట్టుటకు ముందు మూడు ప్రశ్నలడుగుట మంచిది. మైదానమెక్కడ? తొమ్మిదవ తరగతి పిల్లవాడు వారములో ఏయే దినములలో, ఏ గంటకు ఆడును? ఆడించువారి పేరేమి? ఆడపిల్ల తండ్రి రెండవ ప్రశ్నను రెండుమాఱులు అడుగవలయును. ర్యాంకుల జాబితా చూపి మాట మార్చినచో ఆ జాబితాను మర్యాదగా తిరిగి ఇచ్చి మరల అడుగవచ్చును.

ఇక మా పాఠకులలో నిండ్లును స్థలములును బడులకు అద్దెకిచ్చినవారు తక్కువవారు కారు. ఆ మేడలు మనవి. ఆ ఆవరణములు మనవి. రెండవ యేట వెనుకటి ఖాళీస్థలములో రేకుల గదులు లేచుచుండగా అద్దె పెరుగునని ఊరకుండినవారమును మనమే. క్రొత్తగా కవులుపత్రము వ్రాయునప్పుడు, ఈ ఆవరణములో ఇన్ని గజములు పిల్లల ఆటకై ఖాళీగా విడువవలయుననియు, అందు కట్టడము లేచినచో కవులు చెల్లదనియు ఒక్క షరతు చేర్పించుటకు ఏ మంత్రిగారి యనుమతియు అక్కఱలేదు. ఆ వాక్యమునకై స్టాంపు కాగితము ఖరీదు పెరుగదు.