బిడ్డ లేని పంచాయితీ

2022లో రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడు తన విద్యార్థినిపై లైంగిక దాడికి పాల్పడ్డాడని, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద కేసు నమోదైంది. కొద్దిరోజులకే, అపార్థం వల్ల ఫిర్యాదు చేశామని, ఇక చర్యలేవీ అక్కర్లేదని అమ్మాయి ఇంటివాళ్లే స్టాంపు కాగితం మీద రాసిచ్చారు. ఆ రాజీని ఒప్పుకుని హైకోర్టు కేసు కొట్టేసింది. ఆ కుటుంబంతో సంబంధం లేని బయటివారు పట్టించుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లకపోతే కథ అక్కడితో ముగిసేది. ఇలాంటి నేరాన్ని రెండు కుటుంబాల మధ్య సొంత గొడవగా చూడకూడదని, రాజీ కుదిరిందన్న కారణంతో కేసు కొట్టేయడం కుదరదని 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఈ తీర్పు మీద మన దగ్గర జరగాల్సినంత చర్చ జరగలేదు. పిల్లల మీద దాడి బయటపడిన ప్రతిసారీ ఉరిశిక్ష వేయాలని డిమాండ్ చేస్తాం. 2019 సవరణతో పోక్సోలో మరణశిక్ష కూడా చేరింది. కానీ అసలు కోర్టు గడప తొక్కకుండానే సర్దుబాటైపోయే కేసుల్లో ఏ శిక్షా పనిచేయదు. శిక్షలు పెంచడం కన్నా ముందు ఈ రాజీలను ఆపాలన్నది నా వాదన.

రాజీ ఇంత సులువుగా కుదరడానికి కారణం, చేసినవాడు చాలాసార్లు మనవాడే కావడం. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి 2007లో ఒక అధ్యయనం వెలువరించింది. అందులో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నట్టు చెప్పారు. అది ఎక్కువగా కనిపించిన నాలుగు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలు ఎరిగినవాళ్లు, నమ్మినవాళ్లు. ఎక్కువమంది పిల్లలు ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. పోక్సో కింద పోలీసుల దాకా వచ్చిన అత్యాచార కేసుల్లోనైతే నూటికి 90కి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు చూపుతున్నాయి. తెలియనివాళ్లు చాక్లెట్ ఇస్తే తీసుకోవద్దని పిల్లలకు చెబుతాం. ఇంటికొచ్చే బంధువు గురించి, ట్యూషన్ మాస్టారు గురించి, రోజూ బడికి తీసుకెళ్లే ఆటో డ్రైవర్ గురించి ఏం చెప్పాలో మనకే తోచదు.

విషయం బయటపడగానే పెద్దమనుషులు కూర్చుంటారు. మాట్లాడేది పిల్ల తండ్రి, నిందితుడి అన్నో మేనమామో. తేలేది ఇంత డబ్బు అని, లేదా వాడు కొన్నాళ్లు ఊళ్లో ఉండకూడదని. ఇంకా ఘోరంగా, పిల్ల పెద్దయ్యాక వాడే పెళ్లి చేసుకోవాలని తీర్పు చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇంత మాట్లాడుకునే చోట బిడ్డ ఉండదు, ఆ బిడ్డకేం కావాలని ఎవరూ అడగరు. పొలం తగాదాలో తండ్రి తన వాటా వదులుకుంటే అది ఆయన ఇష్టం. బిడ్డ ఒంటి మీద జరిగిన దాడిని మాఫీ చేసే హక్కు ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? రాజీ అయ్యాక ఆ పిల్ల అదే వీధిలో, అదే మనిషి ముందు నుంచి బడికి వెళ్లాలి. తను చెప్పింది నిజమని నమ్మి కూడా పెద్దవాళ్లు వాడిని ఏమీ అనలేదని ఆ వయసులోనే తెలుసుకోవడం కన్నా పెద్ద దెబ్బ ఉంటుందా? ఊరు మారిన ట్యూషన్ మాస్టారు ఇంకో ఊళ్లో ట్యూషన్లు మొదలుపెడతాడు. మగపిల్లల విషయంలోనైతే ఈ పంచాయితీ కూడా ఉండదు. మగపిల్లాడికి ఏమవుతుందిలే అని కొట్టిపారేస్తాం. కానీ ఆ 2007 అధ్యయనంలో బాధిత పిల్లల్లో సగానికి పైగా మగపిల్లలే.

నలుగురికీ తెలిస్తే రేపు పిల్లకు పెళ్లి ఎలా అవుతుంది, బతుకంతా ఆ మచ్చ మోయాలా అన్నది తల్లిదండ్రుల బాధ. దీన్ని తేలిగ్గా తీసేయలేం, ఎందుకంటే ఆ మచ్చ వేసేది నలుగురిలో ఒకరమైన మనమే. అయితే గుట్టు కాపాడటానికి రాజీ ఒక్కటే దారి కాదు. బిడ్డ పేరు, ఊరు, బడి బయటపెట్టడం చట్టం ప్రకారం నేరం. వాంగ్మూలం కోసం బిడ్డను స్టేషన్‌కు తిప్పాల్సిన పని లేదు, ఇంటి దగ్గరే, యూనిఫాం లేని అధికారి నమోదు చేయాలి. కోర్టులో నిందితుడు కంటబడకుండా చూడాలి. 2016లో హైదరాబాద్‌లో మొదలైన భరోసా కేంద్రం లాంటి చోట వైద్యం, వాంగ్మూలం, న్యాయ సహాయం అన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి. ఊళ్లో పదిమంది పెద్దమనుషుల ముందు జరిగే పంచాయితీలో గుట్టు నిలుస్తుందా, ఈ పద్ధతిలో నిలుస్తుందా అన్నది తల్లిదండ్రులే ఆలోచించాలి.

ఇంకో అభ్యంతరం వైద్యుల నుంచి, న్యాయవాదుల నుంచి వస్తుంది. తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలన్న నిబంధన వల్ల భయపడి కొందరు అమ్మాయిలు ఆసుపత్రికే రావడం మానేస్తున్నారని, ప్రేమించుకున్న పదిహేడేళ్ల పిల్లలు కేసుల్లో ఇరుక్కుంటున్నారని అంటారు. ఇందులో నిజముంది. గర్భస్రావం కోసం వచ్చిన మైనర్, ఆమె సంరక్షకులు కోరితే ఆమె పేరు, వ్యక్తిగత వివరాలు పోలీసులకు వెల్లడించనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇందుకే. ప్రేమ జంటల సంగతి విడిగా తేల్చుకోవలసిందే. కానీ ఆ చిక్కును చూపించి, మౌనంగా ఉండే వెసులుబాటు పెద్దలకు ఇవ్వలేం. తెలంగాణ సరిహద్దునే ఉన్న చంద్రపూర్ జిల్లా రాజురాలో ఒక బడి హాస్టల్లో గిరిజన బాలికలపై అత్యాచారాలు జరిగాయి. ఆ సంగతి తెలిసీ చెప్పలేదన్న ఆరోపణ వాళ్లకు చికిత్స చేసిన వైద్యుడి మీద వచ్చింది. ఆయనపై కేసును హైకోర్టు కొట్టేస్తే 2022లో సుప్రీంకోర్టు పునరుద్ధరించింది. తల్లిదండ్రులకు దూరంగా ఉన్న ఆ పిల్లల తరఫున నోరు విప్పాల్సింది ఇంకెవరు?

ఇక డబ్బు. కూలికి వెళ్తే గానీ పూట గడవని ఇంటికి వాయిదాల చుట్టూ తిరగడమంటే కూలి పోగొట్టుకోవడమే. నిందితుడు వాళ్లకు పని ఇచ్చే ఆసామో, ఇల్లు అద్దెకిచ్చినవాడో అయితే బతుకుతెరువే పోతుంది. ఇలాంటివాళ్లు రాజీపడితే వాళ్లను తప్పుపట్టడం నాకు చేతకాదు. పోక్సో 2020 నియమాల్లో దీనికి విరుగుడు ఉంది. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి చెప్పాలి. తిండికి, బట్టలకు, రాకపోకలకు తక్షణ సాయం ఇమ్మని కమిటీ సిఫారసు చేస్తే వారంలోగా చెల్లించాలి. ప్రత్యేక కోర్టు తీర్పు దాకా ఆగకుండా మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చు. కేసు నడిచినంత కాలం కుటుంబానికి తోడుండే సహాయకుడిని కమిటీ ఏర్పాటు చేయవచ్చు. నిందితుడి తరఫు మనిషి నోట్ల కట్టతో గుమ్మం ఎక్కేలోపే ఈ సాయం ఆ ఇంటికి చేరాలి. జిల్లాల వారీగా ఎన్ని కేసుల్లో తక్షణ సాయం సిఫారసు చేశారు, ఎన్ని రోజులకు అందింది, ఎంతమందికి సహాయకులు దొరికారు, ఎన్ని కేసుల్లో కుటుంబం కోర్టులో మాట మార్చింది అన్న లెక్కలను తెలుగు ప్రభుత్వాలు రెండూ ఏటా శాసనసభ ముందు పెట్టాలి. సాయం ఆలస్యమైన జిల్లాల్లోనే మాట మార్చిన కేసులు ఎక్కువున్నాయా అని అక్కడి శాసనసభ్యులు అడగాలి.